పక్క ఊరి రంగు

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి గుడివాడలో మా అత్తవారింట్లో తెలుసు, బందరులో మా ఆఫీసులో తెలుసు. పొద్దున్నే ఆ రెండూళ్ళ మధ్య తిరిగే ప్యాసింజరులో నాతో పాటు ఎక్కే టీచరమ్మలకైతే మరీ బాగా తెలుసు. కిటికీ పక్కన సంచి పెట్టి సీటు ఆపుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "మీ సంచికి టిక్కెట్టు తీశారాండీ?" అని అడిగి మరీ కూర్చుంటాను. కండక్టర్లతో, ఆటోవాళ్ళతో, ఆఫీసులో ప్రింటరు కాగితాలు దాచిపెట్టే మనిషితో, అందరితోనూ నాకు పేచీయే. అలాంటి నోరు ఒక్కచోట పెగల్లేదు. అక్కడ ఏం జరిగిందో ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే ఏడుపొస్తుందేమో అనుకున్నాను గానీ రావడం లేదు.

మా ఆఫీసు పని తాగునీళ్ళ పరీక్షలు. పెడన నుంచి దివిసీమ కొస దాకా ఊరికొకరు చొప్పున ఆడవాళ్ళున్నారు. వాళ్ళు చేతిపంపులు, కొళాయిలు తిరిగి, నీళ్ళలో చిన్న మీటరు ముంచి, ఉప్పెంతుందో చూసి ఫోన్లో పంపుతారు. ఆ అంకెల్ని మ్యాపు మీద రంగులుగా మార్చడం నా ఉద్యోగం. నీళ్ళు బాగుంటే ఆకుపచ్చ, అటూఇటూగా ఉంటే పసుపు, తాగకూడనివైతే ఎరుపు. అసలేమీ రాకపోతే ఆ ఊరు తెల్లగా ఉండిపోతుంది. దీన్ని డాష్‌బోర్డంటారు. అంకెల పట్టిక ముందు పెడితే పెద్ద సార్లు కళ్ళజోడు సర్దుకుని టీ తాగుతారు. అదే రంగుల్లో పెడితే, "ఇదేంటి, ఇక్కడిలా ఉంది?" అని వేలు పెట్టి అడుగుతారు. కంటికి కనిపించేదాకా మనిషికి నమ్మకం కుదరదు. అందుకే నాలాంటి వాళ్ళకి ఉద్యోగాలున్నాయి.

నేను చదివింది కంప్యూటరే గానీ చూడ్డం నేర్చుకుంది మాత్రం మా నాన్న దగ్గర. మాది పెడన. మా నాన్న కలంకారీ అద్దకం పనివాడు. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి, ముందు గీతల అచ్చు కొడతాడు. ఆ తర్వాత ఎరుపుకో అచ్చు, ఇంకో రంగుకి ఇంకో అచ్చు. ఒక పువ్వుని ఎన్ని అచ్చులుగా విడదీయాలో, ఏది ముందు ఏది వెనక పడాలో ఆయనకి గుడ్డ ముట్టుకోకముందే కళ్ళలో ఉండేది. మొదటిసారి కంప్యూటరులో మ్యాపు తెరిచి, కాలవలు ఒక పొర, రోడ్లు ఒక పొర, ఊళ్ళు ఒక పొర అని చెప్తుంటే నాకు నవ్వొచ్చింది. ఓస్, ఇదేగా మా ఇంట్లో పని అనుకున్నాను. పక్కవాళ్ళు మూడు నెలలు పట్టి నేర్చుకున్నది నేను వారంలో నేర్చుకున్నాను.

ఆయన దగ్గర ఇంకోటి కూడా నేర్చుకున్నాను. అచ్చు ఎక్కడైనా సరిగ్గా పడక గుడ్డ మీద ఖాళీ మిగిలితే, మా నాన్న దగ్గర ఒక చిన్న మొగ్గ అచ్చుండేది. ఆ ఖాళీకి అటూ ఇటూ ఏముందో ఓసారి చూసి, అదే రంగులో ఆ మొగ్గని అద్దేవాడు. అంతే, అక్కడ తప్పుందని కొన్నవాడికే కాదు, తిరిగి చూస్తే ఆయనకే దొరికేది కాదు. అందులో దొంగతనమేమీ లేదు. చేత్తో చేసే పని అంతా అలాగే ఉంటుంది. పదేళ్ళ వయసులోనే నాకా పని అప్పగించాడు. గుడ్డ మీద ఖాళీ కనిపిస్తే నా చెయ్యి దానంతటదే వెళ్ళేది.

ఇక ఆ అమ్మాయి సంగతి. దివిసీమలో రోడ్డు ఆగిపోయి సముద్రం మొదలయ్యే చోట ఒక చేపలు పట్టేవాళ్ళ ఊరుంది. ఆ ఊరి పరీక్షలు చేసేది ఆ అమ్మాయే. మొగుడు వేటకెళ్తాడు. ఈ పని దొరక్కముందు తను ఎండుచేపలు ఏరే పనికెళ్ళేదట. నేను ఆమెని చూడలేదు, ఫోన్లో గొంతే తెలుసు. "అక్కా, మా ఊళ్ళో నన్ను నీళ్ళ మేడం అంటన్నారక్కా" అని చెప్పి పకపకా నవ్వేది. ఆ పేరంటే ఎంత గొప్పో ఆ నవ్వులోనే తెలిసేది. వాళ్ళ ఊళ్ళో మాట్లాడ్డానికి తప్ప నెట్‌కి సిగ్నల్ దొరకదు. అందుకని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పొద్దుటి బస్సు కండక్టరు చేతికిచ్చేది. ఆయన దాన్ని బందరు బస్టాండు కౌంటరులో ఇచ్చి వెళ్తే, అక్కణ్ణించి తీసుకుని కంప్యూటరులోకి ఎక్కించేది నేను.

ఆ సోమవారం పైవాళ్ళ మీటింగుంది. నేను రైలు దిగి, బస్టాండుకి వెళ్ళి, కవరు తీసుకుని బ్యాగులో వేసుకుని ఆఫీసుకొచ్చాను. కుర్చీలో కూర్చునేసరికే మా సారు వచ్చి నా వెనక నిలబడ్డారు. దివిసీమంతా పచ్చగా ఉంది, చివర ఆ ఒక్క ఊరు తెల్లగా ఉంది.

"అదేంటండీ ఆ తెలుపు? అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. ఏదో ఒకటి చెయ్యండి, నేను పైకి వెళ్ళాలి" అన్నారాయన.

నా బ్యాగులో కవరుంది. ఆ క్షణంలో కవరు మాటే నాకు తట్టలేదు. ఖాళీ కనపడింది, పక్క ఊరు కనపడింది. పక్క ఊరి అంకెలు తీసి ఇక్కడ పెట్టాను. ఊరు పచ్చబడింది. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని సారు ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్ళిపోయారు. అంతా కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది.

ఆయన వెళ్ళాక మంచినీళ్ళ సీసా కోసం బ్యాగు తెరిస్తే కవరు చేతికి తగిలింది. అంటు విప్పి చూశాను. ఎప్పుడూ అంకెలు రాసి పంపే పిల్ల, ఈసారి బొమ్మ గీసింది. నోటుపుస్తకం మధ్య కాగితం మీద ఊరు మొత్తం పెన్సిలుతో వేసింది. బస్సాగే చోటు, తుఫాను షెల్టరు, ఐసు ఫ్యాక్టరీ, రామాలయం, దాని పక్క సందు, సందు చివర కొబ్బరిచెట్టు పక్కన చిన్న ఇల్లు, ఆ ఇంటి మీద "మాది" అని రాత. పంపు ఉన్న చోటల్లా ఒక సున్నా చుట్టింది. నీళ్ళు ఎంత ఉప్పగా ఉంటే ఆ సున్నాని అంత నల్లగా నింపింది. సముద్రం వైపువన్నీ బొగ్గులా ఉన్నాయి. ఊరి మధ్యవి బూడిద రంగులో ఉన్నాయి. బడి ముందు పంపొక్కటే ఖాళీ సున్నా. కింద ఒక్క వాక్యం రాసింది: "అక్కా, ఉప్పు ఇటు నుంచి అటు నడిచొస్తంది, అంకెలేస్తే తెలవదని బొమ్మేశాను."

ఇన్నేళ్ళ నా పనిలో ఒక సంగతిని అంత సూటిగా చెప్పిన బొమ్మ ఇంకోటి చూడలేదు. మేం ఊరికొక రంగు పూసి చేతులు దులుపుకుంటాం. ఒక ఊళ్ళోనే ఉప్పు వీధి వీధికీ పాకుతోందని, ఫలానా పంపు దగ్గర ఇంకా ఆగిందని ఆ మ్యాపులో ఎక్కడా కనపడదు. ఈ పిల్ల ఒక పెన్సిలుతో కనిపించేలా చేసింది. ఆమె లెక్కన ఆ ఊరు చిక్కటి ఎరుపు. నేను ఇప్పుడే దానికి పచ్చ పూసి పైకి పంపాను.

మెట్లెక్కితే మీటింగు హాలు. ఇరవై మెట్లుంటాయేమో. ఎక్కలేదు. సాయంత్రం మార్చొచ్చులే అనుకుని, కాగితం మడిచి, కవరులో పెట్టి, సొరుగులో వేశాను. సాయంత్రం సారు ముఖం వెలిగిపోతూ దిగారు. దివిసీమ చాలా బాగుందని పైవాళ్ళు మెచ్చుకున్నారట. అందరికీ లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఫోన్ చేసి, "కవరందిందా అక్కా? బొమ్మ అర్థమైందా?" అనడిగింది. "పనిలో ఉన్నానమ్మా, వచ్చిందో లేదో చూస్తాలే" అన్నాను.

కొన్నాళ్ళకి తనిఖీ వచ్చింది. వాళ్ళు అక్కడో ఊరు ఇక్కడో ఊరు ఎంచుకుని, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి గుడివాడలో ల్యాబుకిచ్చారు. ఆ చివరి ఊరి కొళాయి నీళ్ళు నోట పెట్టుకోడానికి లేవని తేలింది. మా మ్యాపులో చూస్తే పచ్చ. మ్యాపులో ఏ ఊరి మీద నొక్కినా అక్కడ పరీక్ష చేసిన మనిషి పేరు వస్తుంది. ఆ ఏర్పాటు చేసింది కూడా నేనే, అప్పట్లో నన్నందరూ మెచ్చుకున్నారు. నొక్కారు, ఆ అమ్మాయి పేరొచ్చింది. అంకెలు చుక్కతో సహా పక్క ఊరివే. ఇంకేముంది, పంపులే తిరగకుండా, నెట్ దొరికే చోటికెళ్ళి పక్క ఊరిది చూసి ఫోన్లో ఎక్కించేసిందన్నారు.

సారు నా దగ్గరికొచ్చి, ఆ సోమవారం నా వెనక నిలబడి చూసిన సంగతే గుర్తు లేనట్టు మామూలుగానే అడిగారు. "ఆ అమ్మాయి కాగితమేమన్నా పంపిందాండీ ఈసారి?"

"రాలేదు సార్" అన్నాను.

గొంతు తడబడలేదు. భయమేసిందని చెప్దామంటే అదీ లేదు. నాదీ కాంట్రాక్టు పోస్టే, పోతుందన్న ఆలోచన తర్వాతెప్పుడో వచ్చింది. ఆ మాట అనేటప్పుడు మాత్రం లోపల ఏమీ లేదు. సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది.

ఆ అమ్మాయికి నోటీసిచ్చారు. పది రోజుల్లో పరీక్ష చేసినట్టు రుజువు చూపించాలి, లేకపోతే ఆ పనిలో ఇంకొకరిని పెడతారు. నోటీసందిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. ఇంకా రైలెక్కలేదు, స్టేషను బయట హోటల్లో ఇడ్లీ తింటున్నాను.

"అక్కా, నేను పంపు పంపుకీ తిరిగానక్కా. మా అత్త కూడా చూసింది. కవరు కండక్టరు చేతికిచ్చాను. ఆయన్నడిగితే బస్టాండు కౌంటరులో ఇచ్చేశానంటన్నాడు. అబద్ధమాడుతున్నాడక్కా, ఎక్కడో పారేసుంటాడు. నిన్న బస్సు దగ్గర ఆయనతో పెద్ద గొడవేసుకున్నాను. మా ఊళ్ళో నన్ను చూసి దొంగరాతలు రాసిందంటన్నారు. పని పోతే పోయిద్ది, ఆ పేరు మొయ్యలేనక్కా. మీరు సారుకొక్క మాట చెప్పండి, నేనట్టాంటి దాన్ని కాదని." అంతా ఏడుస్తూనే చెప్పింది.

"చూద్దాంలే అమ్మా, ఏడవకు" అన్నాను. ఫోన్ పెట్టేసి మిగతా ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ బాగుందని కూడా అనుకున్నాను. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుందని రాయాలి. నిజం చెప్పాలంటే అసహ్యం కూడా పూర్తిగా వెయ్యడం లేదు, చెయ్యి తిమ్మిరెక్కి గిల్లినా తెలియనట్టుంది.

ఎనిమిదో రోజు శనివారం. సాయంత్రం రైల్లోంచి పెడనలో దిగి పుట్టింటికి వెళ్ళాను. మా నాన్న ఇప్పుడు అద్దకం మానేశాడు, చూపు ఆనడం లేదు. మంచమ్మీద ఆయన పక్కన కూర్చుని అడిగాను.

"నాన్నా, మొగ్గ అచ్చేసినప్పుడు కొనేవాళ్ళకి చెప్పేవాడివా?"

"ఎందుకు చెప్తానే?" అన్నాడు ఆశ్చర్యంగా. "గుడ్డకి ఇంకో మొగ్గ ఎక్కువైతే ఎవరికేం నష్టం? కట్టుకుంటారు, ఉతుక్కుంటారు. ఏం, ఎందుకడిగావు?"

"ఊరికే."

"ఊరికే అడిగే దానివి కాదు నువ్వు. ఎవరితోనన్నా గొడవపడ్డావా?"

"లేదు నాన్నా, ఈసారి ఎవరితోనూ పడలేదు" అన్నాను. ఆయనకి అదే వింతగా ఉన్నట్టుంది, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడు ఆదివారం. ముందురోజు ఆఫీసు సొరుగులోంచి తెచ్చుకున్న కవరుకి కొత్తగా జిగురు రాసి అంటించాను. బస్టాండులో ఏదో కౌంటరు కింద దొరికిందని చెప్పి, ఆ అమ్మాయి చేతికే ఇచ్చేద్దాం, తను సారుకి చూపించుకుంటుంది, నా పేరు రాదు అనుకున్నాను. అవనిగడ్డ బస్సెక్కాను. మోపిదేవిలో సగం బస్సు ఖాళీ అయింది, పసిపిల్లలతో గుడికొచ్చినవాళ్ళే అంతా. అవనిగడ్డలో ఇంకో బస్సు మారి, ఆ ఊరి చివర దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. తుఫాను షెల్టరు దాటి, ఐసు ఫ్యాక్టరీ దగ్గర తిరిగి, రామాలయం పక్క సందులోకి వెళ్ళాను. కొబ్బరిచెట్టు పక్కన ఇంటి ముందు ఒకామె వల ఎండేస్తోంది. నేనెవరో చెప్పగానే చేతిలో వల వదిలేసి గబగబా వచ్చింది.

"అయ్యో, అక్కా! ఇంత ఎండలో వచ్చారేంటి? రండి, కూర్చోండి" అని నులకమంచం నీడలోకి లాగింది. గొంతుని బట్టి ఇంకా చిన్నది అనుకున్నాను. ముప్ఫై దాటి ఉంటాయి.

"నీ కవరు దొరికిందమ్మా. బస్టాండులో కౌంటరు కింద పడిపోయి ఉంది. తెరవలేదు, అలాగే పట్టుకొచ్చాను" అని ఇచ్చాను.

ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకుంది. "పాపం, ఆ కండక్టరు గారిని ఎన్ని మాటలన్నానో" అంది. అత్తని కేకేసి చెప్పింది. తర్వాత నా పక్కన కింద కూర్చుని కొంగుతో నాకు విసురుతూ, "దారి తెలియక తిరిగారేమో, మావి అన్నీ ఒక్కలాంటి సందులే. ఎవరు చూపించారక్కా మా ఇల్లు?" అంది.

"ఎవర్నీ అడగలేదమ్మా. తిన్నగా వచ్చేశాను" అన్నాను.

అన్నాక గానీ నాకు తెలియలేదు. ఆమె కొంగు విసరడం ఆపింది. నా ముఖం చూసింది, ఒళ్ళో ఉన్న కవరు చూసింది. అంటించిన చోట వేలితో తడిమింది, జిగురు ఇంకా మెత్తగానే ఉంది.

"మా ఇంటి దారి ఇందులో తప్ప నేనెక్కడా గియ్యలేదక్కా" అంది చాలా నెమ్మదిగా.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది, నాకు అరుపులు అలవాటే. ఆమె అరవలేదు. అప్పుడు అంతా చెప్పాను. పక్క ఊరి రంగు పూసింది నేనే, అంకెలు పెట్టింది నేనే, రాలేదని చెప్పింది నేనే అని వరసగా చెప్పాను. ఆమె విని, కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది.

"దీన్ని నేనిస్తే నమ్మరక్కా. నోటీసొచ్చాక గీసుకొచ్చిందంటారు. ఆ సోమవారమే మీ చేతికందిందని మీరు చెప్తేనే దీనికి విలువ. రేపు చెప్తారుగా?"

"చెప్తాను."

"నిజంగా చెప్తారుగా అక్కా?"

"చెప్తానమ్మా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు చెప్తాననే అనుకున్నాను.

సోమవారం సారు గదిలోకి వెళ్ళి కవరు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కాగితం విప్పి చూస్తూ, "ఇదెక్కడిది?" అన్నారు. చెప్పాల్సిన వాక్యం నోట్లోనే ఉంది. దారి పొడవునా రైల్లో అనుకుంటూనే వచ్చాను.

"బస్టాండులో దొరికింది సార్, ఇప్పుడు" అన్నాను.

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు. "ఇప్పుడు దొరికిందా? నోటీసు చూసి తీరిగ్గా కూర్చుని గీసి పంపి ఉంటుందండీ."

నా వైపు చూశారు, అవునో కాదో అనమన్నట్టు.

"అయ్యుండొచ్చు సార్" అన్నాను.

మధ్యాహ్నానికి ఆ ఊరికి కొత్తమ్మాయిని వేసినట్టు కాగితం నా బల్ల మీదికొచ్చింది. కంప్యూటరులో మ్యాపు తెరిచి, చివర ఆ ఊరి మీద నొక్కి, పాత పేరు ఒక్కో అక్షరం చెరిపేసి, కొత్త పేరు కొట్టాను. ఒక్క తప్పు కూడా పడలేదు.